తీగలో చుక్కలు

జీపు దిగక ముందే పులుస్తున్న పామాయిల్ గెలల వాసన తియోరిదా ముక్కుకి తగిలింది. మిల్లు గేటు దగ్గర మొదలైన లారీల వరుస ఎర్రమట్టి రోడ్డు మీద వంపు తిరిగి, రబ్బరు తోటల వెనక ఎక్కడో మాయమైంది. పొద్దుటి నుంచి ఒక్క లారీ కూడా కాటా ఎక్కలేదు. కోసిన గెల మర్నాటికల్లా పులుస్తుంది, ఆ పైన సగం ధరకి కూడా తీసుకోరు, ఇంకో రోజు గడిస్తే మిల్లువాడు మొహం తిప్పేసుకుంటాడు. లారీల కింద నీడలో కూర్చున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు.

గేటు దగ్గర కాపలావాళ్లూ డ్రైవర్లూ తోసుకుంటున్నారు. ఆమె చూస్తుండగానే ఒక కాపలావాడు లాఠీతో లారీ ముందద్దం పగలగొట్టాడు. ఆ లారీవాడు కిందికి దూకి, గెలల్ని గుచ్చి ఎత్తే ఇనప ఊచ చేతపట్టి, దమ్ముంటే రమ్మన్నాడు. నలుగురు అతని నడుం పట్టుకుని వెనక్కి లాగారు. తియోరిదా పరికరాల సంచీని గుండెకి హత్తుకుని ఆ తోపులాట మధ్యలోంచి లోపలికి నడిచింది. దూరి అనే పట్నంలో ఆమె పనిచేసే కంపెనీ ఈ చుట్టుపక్కల మిల్లుల కంప్యూటర్లన్నీ చూస్తుంది. ఏ మిల్లులో ఏం చెడిపోయినా పిలుపు ఆమెకే.

చేత్తో తూచొచ్చు కదా అని కొత్తవాళ్లెవరైనా అడుగుతారు. ఇక్కడ ఆ మాట ఎత్తకూడదు. నిరుడు చేతి తూకంలో దొంగాట బయటపడి, రైతులు గుమస్తాని కాటా మీదే పడేసి తొక్కారు. కంప్యూటర్ అచ్చేసిన చీటీ తప్ప మరో తూకం చెల్లదని ఆ తర్వాత రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. కంప్యూటర్ ఏ లారీ నంబరు చూపిస్తే ఆ నంబరే మైకులో పిలవాలి. వరుసలో ముందున్నవాడు కాటా ఎక్కి దిగాకే వెనకవాడికి వంతు. ఇప్పుడా కంప్యూటర్ బిగుసుకుపోయింది.

మేనేజర్ హెర్మాన్ మెట్ల మీదే ఎదురొచ్చాడు. చొక్కా చంకల కింద తడిసిపోయింది. "కాటా నుంచి వచ్చే తీగ ఎవడో కోశాడమ్మా. నువ్వొచ్చి చూసి ఆ మాట చెప్పు, చాలు" అన్నాడు.

సర్వర్ గది తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. గోడలో ఏసీ ఉండాల్సిన చోట చదరపు కంత, దానికి అడ్డంగా అట్టముక్క. ఏసీ ఏదని అడిగితే రిపేరుకి వెళ్లిందన్నాడు హెర్మాన్. తియోరిదా సంచీ దించి సర్వర్ ముందు కూర్చుంది. ఏదో బ్యాంకువాళ్లు వాడి వదిలేసిన పాత సర్వర్ అది. మనిషి నడుమంత ఎత్తు పెట్టె. దాని వెనక గోడకీ పెట్టెకీ మధ్య చెయ్యి కూడా సరిగా దూరదు.

ఆమె కీబోర్డు మీద రెండు మీటలు ఒకేసారి నొక్కింది. బిగుసుకున్న తెర తెల్లబడి, అట్టడుగున 'ఓకే' అన్న చిన్న మాట వచ్చి నిలబడింది. ఈ యంత్రాల వరసే అంత. కొంప మునిగినా ముందు ఓకే అంటాయి, ఏం మునిగిందో ఆ తర్వాత మనమే అడిగి తెలుసుకోవాలి. డిస్కులు చచ్చినా, ప్రోగ్రాములు తుడిచిపెట్టుకుపోయినా, బోర్డు మీద ఒక చిప్పులో కొన్ని ఆజ్ఞలు బతికే ఉంటాయి. వాటితో యంత్రం ఒళ్లు యంత్రం చేతే తడిమించవచ్చు, డిస్కుల్ని ఒక్కొక్కటిగా పిలిపించవచ్చు, తీగకి చెవి ఆనించి వినమనవచ్చు.

పద్ధతి ప్రకారం ముందు డిస్కుల్ని పిలవాలి. తియోరిదా కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు ఆ మాటే చెబుతుంది, వినకపోతే తిడుతుంది కూడా. కానీ కిటికీ ఊచల అవతల అప్పటికే పది మొహాలు అతుక్కుని ఉన్నాయి. వెనక హెర్మాన్ తీగ, తీగ అని గొణుగుతున్నాడు. గేటు దగ్గర ఇంకో అద్దం పగిలింది. ఆమె నేరుగా 'వాచ్-నెట్' అని కొట్టింది.

లోపలి పరీక్ష బాగుందని తెర మీద వచ్చింది. తీగ మీద వచ్చే మాటల కోసం చూస్తున్నాను, మంచి మాటకి చుక్క, చెడ్డ మాటకి ఇంటూ గుర్తు అని యంత్రం తన మామూలు పాఠం చదివింది. ఆ కింద ఏమీ రాలేదు. కాటా గుడిసెలో ఉన్న తెర ఊరికే ఉండదు, బతికి ఉన్నంతసేపూ సర్వర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. ఆ పలకరింపులకి ఇక్కడ చీమల బారులా చుక్కలు పడాలి. ఆమె మీట నొక్కి ఆపి, మళ్లీ కొట్టింది. మళ్లీ ఖాళీయే. లోపల బాగుంది, బయట నిశ్శబ్దం. అంటే తీగే.

కిటికీ దగ్గర పొడుగాటి మనిషి ఒకడు మిగతావాళ్లని పక్కకి నెట్టి నిలబడ్డాడు. లారీలవాళ్లందరి తరఫునా మాట్లాడేది అతనే, పేరు బిస్మార్. ముందుగా అడిగింది యంత్రం గురించి కాదు, ఆమె ఇంటిపేరు. మానురుంగ్ అని చెప్పింది. అతని మొహంలో బిగువు సడలింది.

"మేమూ మానురుంగ్‌లమే. అయితే నువ్వు నాకు ఇతోవి" అన్నాడు.

బతాక్ తెగ మనుషుల్లో ఒకే ఇంటిపేరున్న ఆడా మగా ఒకరికొకరు ఇతో. అంతకుముందు ముఖం చూసి ఎరగకపోయినా తోడబుట్టినవాళ్ల లెక్క. ఇతో మాట కొట్టేయడమంటే కన్నతల్లి మాట కొట్టేసినట్టే. బిస్మార్ ఊచల్లోంచి మొహం ఇంకా దగ్గరికి తెచ్చాడు.

"వీళ్లు అబద్ధాలాడతారు, నువ్వాడవు. చెప్పు ఇతో, తీగ పోయిందా?"

"చచ్చింది. అటునుంచి ఒక్క మాట కూడా రావడం లేదు."

"కోశారా?"

తెలీదు అనొచ్చు. ఆ మాటకి ఖర్చేమీ లేదు. కానీ చెమట కళ్లలోకి కారుతోంది, అంతమంది తన నోటి వంక చూస్తుంటే తెలీదనడానికి ఆమెకి మొహం చెల్లలేదు. "కోసినట్టే ఉంది" అంది.

ఆ మాట వరుస చివరి దాకా పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. కాపలావాళ్ల నాయకుడు సుర్యో మనుషుల్ని వెంటబెట్టుకుని తీగ వెళ్లే కాలవ పొడుగునా నడిచాడు. రెండో మలుపు దగ్గర పలుగు దెబ్బలు కనిపించాయి. మట్టి తిరగేసి ఉంది, తీగని కప్పిన గొట్టం మీద లోతైన గాటు. తెల్లారుజామున అక్కడ ఎవరి లారీ దిగబడిందో అందరూ చూశారు. అది జోంగి లారీ. జోంగి బిస్మార్‌కి సొంత తమ్ముడు.

చక్రం బురదలో కూరుకుపోతే పలుగుతో తవ్వి తీశానని జోంగి చెప్పాడు. సుర్యో అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. మొదటి దెబ్బకే పెదవి చిట్లింది. ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకుంటే సుర్యో డొక్కలో మోకాలితో పొడిచాడు. పొద్దుటి నుంచీ కాపలావాళ్ల మీద పళ్లు నూరుతున్న లారీలవాళ్లు ఇప్పుడు వాళ్లతో కలిసి ఒకే గుంపయ్యారు. మా కాయలు కుళ్లబెట్టావు కదరా అని ఎవరో జోంగి మెడ మీద గెల విసిరికొట్టారు. గెల ముళ్లు చెవిని చీరేశాయి.

బిస్మార్ వచ్చాడు. గుంపు దారిచ్చింది. సర్వర్ గది గుమ్మంలో నిలబడిన తియోరిదాకి అంతా కనబడుతోంది, వినబడుతోంది.

"నువ్వేనా?" అన్నాడు బిస్మార్.

"చక్రం తీసుకున్నానన్నా. తీగ నేను ముట్టలేదు."

"మన ఇతో అబద్ధమాడిందా?"

జోంగి గుమ్మం వైపు తిరిగి ఆమెని చూశాడు. ఆమె ఎవరో అతనికి తెలీదు. ఈ మనిషి నా గురించి ఏం చెప్పింది అన్నట్టు చూశాడు, అంతే. బిస్మార్ పక్కవాడి చేతిలోని ఇనప ఊచ లాక్కున్నాడు. తమ్ముడు తలకి అడ్డం పెట్టుకున్న కుడిచేతి మీద బలంకొద్దీ కొట్టాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. ఇంకోసారి కొట్టబోయి, ఊచ కింద పారేసి, వీణ్ని తీసుకుపొమ్మని కాపలావాళ్లతో అన్నాడు.

జోంగి లారీని తగలబెట్టింది ఎవరన్నది ఎవరూ చెప్పరు. డీజిల్ చల్లి అగ్గిపుల్ల గీసింది ఒకడే, చుట్టూ నిలబడి చూసింది అందరూ. గెలల్లో నూనె మరిగి సలసలా కారింది. మిల్లు ఆవరణంతా పిండివంటలు వండుతున్న ఇంటి వాసన వేసింది. తియోరిదా గోడ పక్కకి వెళ్లి వాంతి చేసుకుంది. పాపం అనుకుంది కానీ తప్పు అనుకోలేదు. తీగ కోసినవాడికి తన్నులు తప్పవు కదా అనుకుంది.

*

తీగ లేకుండా కాటా ప్రోగ్రాముని లేపితే అది వరుస మొత్తాన్ని చెరిపేస్తుంది. అందుకని తియోరిదా యంత్రాన్ని ఆ 'ఓకే' దగ్గరే ఉంచి, జీపులో తెచ్చిన కొత్త తీగ చుట్ట విప్పించింది. కాలవ తవ్వే తీరిక లేదు. మర్నాడు పొద్దున కూలీలు కాటా గుడిసె నుంచి ఆఫీసు దాకా నేల మీదే తీగ పరుస్తూ వచ్చారు. లారీ చక్రాలు తొక్కకుండా రెండు వైపులా ఇటుకలు పేర్చారు. ఆమె కొసలు కత్తిరించి, లోపలి పోగుల్ని రంగుల వరుసలో సర్ది, ప్లగ్గు బిళ్లలో బిగించి నొక్కింది. ఆ పనిలో ఉన్నంతసేపూ ఆమె చేతులు నిదానంగానే ఉన్నాయి.

ఆఫీసుకీ గేటుకీ మధ్య కాపలావాళ్ల రేకుల గది. దాని పక్కనుంచి నడిచిన ప్రతిసారీ లోపల రబ్బరు గొట్టం ఒంటి మీద పడే చప్పుడు వినిపించేది. ముందు కేక, తర్వాత మూలుగు. మధ్యాహ్నానికి వట్టి గొట్టం చప్పుడే మిగిలింది. సుర్యో బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, ఎవరు డబ్బిచ్చి కోయించారో చెప్పడం లేదు మొండి వెధవ అని ఆమెకి చెప్పాడు. తనూ ఆ పనిలో భాగస్తురాలైనట్టు చెప్పాడు. ఆమె తల పక్కకి తిప్పుకుంది.

పాత తీగ ఊడదీసి, గోడకీ పెట్టెకీ మధ్య చెయ్యి దూర్చి, తడుముకుంటూ అదే చోట కొత్త తీగ దోపింది. తెర ముందుకొచ్చి 'వాచ్-నెట్' కొట్టింది.

చుక్క పడలేదు.

కొసలు కత్తిరించి మళ్లీ బిగించింది. కాటా గుడిసెకి పరిగెత్తి అక్కడి కొస చూసింది. వెనక్కొచ్చి కొట్టింది. ఖాళీ. తన చేత్తో, తన కళ్ల ముందు, ఇప్పుడే పరిచిన తీగ. దీన్ని ఎవరు కోశారు?

వేడికి తల తిరుగుతున్నా అక్కడే కూలబడి ఆలోచించింది. తర్వాత ఇద్దరు కూలీల్ని పిలిచి పెట్టెని గోడ నుంచి ఒక జానెడు ముందుకి జరిపించింది. టార్చి వేసి వెనక్కి చూసింది. పక్కపక్కనే తీగ దోపే రంధ్రాలు రెండు. తీగ ఉన్నది రెండోదాంట్లో. మొదటి రంధ్రం మీద దుమ్ము పేరుకున్న నల్ల టేపు ముక్క. గోటితో దుమ్ము గీకింది. టేపు రెండు కొసలూ లోపలికి మడిచి ఉన్నాయి. టేపు అలా మడిచి అతికించే అలవాటు తనది.

వెనకటి వానాకాలం ఇక్కడ పిడుగు పడింది. మొదటి రంధ్రం బయటి వైపు కాలిపోతే, తీగని రెండోదాంట్లోకి మార్చి, కాలినదాని మీద టేపు వేసి వెళ్లింది తనే. ఎన్ని మిల్లులు, ఎన్ని పెట్టెలు, గుర్తులేదు. 'వాచ్-నెట్' అని ఊరికే కొడితే యంత్రం మొదటి రంధ్రం దగ్గరే చెవి పెడుతుంది. లోపల బాగుందంటుంది, బయట ఏమీ వినపడదంటుంది. అది నిజమే చెప్పింది. తను అడగాల్సిన చోట అడగలేదు.

'వాచ్-నెట్-ఆల్' అని కొట్టింది. యంత్రం మొదటి రంధ్రం చూసి ఖాళీ అంది. రెండోదానికి వెళ్లింది. చుక్క పడింది. ఇంకోటి పడింది. ఆపైన వరసకట్టి తెర పొడుగునా పరిగెత్తాయి. ఆమె కొత్త తీగ పీకేసి, కాలవలోంచి వచ్చే పాత తీగ తెచ్చి దోపింది. చుక్కలు అలాగే పరిగెత్తాయి. గాటు పడింది గొట్టం మీదే. లోపలి తీగకి ఏమీ కాలేదు.

అప్పుడు డిస్కుల్ని పిలిచింది. నిన్న మొట్టమొదట చేయాల్సిన పని అది. రెండు డిస్కుల్లో ఒక్కటే పలికింది. పలకని దాని మీద చెయ్యి పెడితే కాలింది. ప్రోగ్రాము లేచేది దాని మీది నుంచే. ఏసీ లేని గదిలో ఉడికి ఉడికి చచ్చింది. పలికిన రెండోదాంట్లో దాని నకలు భద్రంగా ఉంది. ఆ డిస్కు మీద నుంచి లేవమని ఒక్క ఆజ్ఞ ఇస్తే సరిపోయేది. నిన్న భోజనం వేళకల్లా లారీలు కదిలి ఉండేవి.

హెర్మాన్ అంతా విన్నాడు, తలుపు దగ్గరగా వేశాడు. ఏసీ గురించి ఆమె అడగకపోయినా తనే చెప్పాడు. యజమానులు వస్తున్నారని గెస్ట్‌హౌస్‌లో పెట్టించాడట, వాళ్లు వెళ్లగానే తెచ్చేద్దామనుకున్నాడట. తర్వాత గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టే బెదిరించాడు. బయట వందమంది చేతుల్లో ఊచలున్నాయి. కాయలు కుళ్లింది ఒకడి పాపం వల్ల అనుకుంటున్నారు కాబట్టే గేటు ఇంకా నిలబడి ఉంది. మిల్లు తప్పని తెలిస్తే ముందు తనని చంపుతారు, తర్వాత తీగ కోశారని కిటికీలోంచి చెప్పిన మనిషిని వెతుక్కుంటూ వస్తారు.

"రేపు మధ్యాహ్నం పోలీసులు వచ్చి వాణ్ని తీసుకుపోతారు. ఆ తర్వాత లేపు యంత్రాన్ని. నీ కొత్త తీగతోనే బాగైందనుకుంటారు. ఎవరికీ ఏ గొడవా ఉండదు" అన్నాడు.

జోంగి గొడవ సంగతి ఏమిటని ఆమె అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది. బయట ఊచలు రాతి మీద గీస్తున్న చప్పుడు విని నోరు మూసుకుంది. ఆ రాత్రి ఆమెకి గెస్ట్‌హౌస్‌లో గది ఇచ్చారు. గోడ మీద సర్వర్ గది ఏసీ. దాని మీద తన కంపెనీ చీటీ ఇంకా అంటుకునే ఉంది. చల్లగా ఉంది. అంత చల్లగాలిలో నిద్రపోయినందుకు ఆమెకి తెల్లారి తన మీద తనకే అసహ్యం వేసింది.

*

పొద్దున రేకుల గది తలుపు కొంచెం తీసి ఉంది. తియోరిదా ఆగింది. లోపల సిమెంటు నేల మీద జోంగి ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. విరిగిన చెయ్యి వాచి, మణికట్టుకీ మోచేతికీ తేడా లేకుండా పోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండోది తెరిచి ఆమెని చూశాడు. కాపలావాడు లేచి తలుపు మూసేశాడు.

ఆమె గేటు దాకా నడిచింది. లారీలోంచి కుళ్లిన గెలల్ని గుచ్చి రోడ్డు పక్కన పారేస్తున్న బిస్మార్‌ని ఒక్కడినే లోపలికి రమ్మంది. అతను ఊచ చేతిలోనే పట్టుకుని వచ్చాడు. పట్టుకునే రానీ అనుకుంది. సర్వర్ గదిలో అతన్ని తెర ముందు కూర్చోబెట్టి, పాత తీగ కొస అతని చేతికిచ్చింది.

"ఇది కాలవలోంచి వచ్చే తీగ. అక్కడ పెట్టు" అని రెండో రంధ్రం చూపించింది.

పెట్టాడు. చుక్కలు పరిగెత్తాయి. తియ్యమంది. తీశాడు. చుక్కలు ఆగిపోయాయి. మళ్లీ పెట్టాడు, ఈసారి ఆమె చెప్పకుండానే. పెట్టాడు, తీశాడు, పెట్టాడు. గెలలు ఎత్తి కాయలు కాచిన ఆ వేళ్ల మధ్య తీగ కొస చిన్న గింజలా ఉంది.

"ఈ చుక్కలు ఏంటి?" అన్నాడు చివరికి.

"కాటా గుడిసె మాటలు. తీగలోంచి వస్తున్నాయి."

"మొన్న రాలేదుగా."

"మొన్న కూడా వచ్చాయి ఇతో. నేను పక్క రంధ్రం దగ్గర విన్నాను. అది కాలిపోయిన రంధ్రం. తీగని ఎవరూ కోయలేదు. ఈ వేడికి డిస్కు చచ్చింది."

బిస్మార్ తెర వంకే చూస్తున్నాడు. ఆమె ఊచ వంక చూస్తోంది. కొడితే కొట్టనీ, తప్పుకోకూడదు అని గోడకి ఆనుకుని నిలబడింది. అతను తీగ కొసని నెమ్మదిగా కింద పెట్టాడు. తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు మొన్న నాకొక్కడికే చెప్పలేదు. కిటికీ దగ్గర అందరూ విన్నారు. ఇవాళ కూడా అందరికీ చెప్పు."

కాటా గుమస్తా మొదటిరోజే పారిపోయాడు. తియోరిదా పలికిన డిస్కు మీద నుంచి లేవమని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చి, కాటా గుడిసెకి వెళ్లి గుమస్తా కుర్చీలో కూర్చుంది. హెర్మాన్ వరండాలోంచి చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఆమె మైకు మీట నొక్కింది. లారీ నంబర్లు పిలిచే మైకు అది. స్తంభాలకి కట్టిన లౌడ్‌స్పీకర్లలో ఆమె ఊపిరి ముందు వినిపించింది.

"తీగ కోశారని చెప్పింది నేనే. తీగ బాగానే ఉంది. నేను తప్పుగా చూశాను. గదిలో ఏసీ తీసేస్తే మిల్లు యంత్రమే కాలిపోయింది. జోంగి ఏమీ చెయ్యలేదు."

మొదటి రాయి కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి ఆమె నుదుటికి తగిలింది. రెండోది గోడకి తగిలింది. ఆమె బల్ల కింద దూరలేదు. నెత్తురు కనుబొమ్మ మీదుగా కారుతుంటే మోచేత్తో తుడుచుకుని, మళ్లీ మైకు నొక్కి, అవే మాటలు మొదటి నుంచి చెప్పింది. ఈసారి రాళ్లు రాలేదు. గుంపు తిరిగింది.

రేకుల గది తలుపు ఊచల దెబ్బలకి నాలుగు ముక్కలైంది. సుర్యో లాఠీ ఎత్తాడు. ఆ లాఠీ అతని నోట్లోకే దిగింది. పళ్లు సిమెంటు మీద రాలాయి. మొన్న జోంగిని కొట్టడానికి కాపలావాళ్లతో కలిసినవాళ్లే ఇవాళ కాపలావాళ్లని కొడుతున్నారు, అంతే కసిగా, అవే బూతులతో. ఒకడు గోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. హెర్మాన్ జీపు వెనక గేటులోంచి దుమ్ము లేపుకుంటూ పారిపోయింది. ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటే పగిలాయి. సర్వర్ గది జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. బిస్మార్ ఆ గుమ్మానికి అడ్డంగా ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

జోంగిని ఇద్దరు చంకల కింద చేతులేసి బయటికి తెచ్చారు. బిస్మార్ గుమ్మం వదిలి ఎదురెళ్లి, తమ్ముడి ముందు మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఊచని అతని ఎడమ చేతిలో పెట్టాడు. ఏమన్నాడో గుడిసె దాకా వినిపించలేదు. జోంగి ఊచ వంక కాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తోనే ఎత్తి అన్న భుజం మీద కొట్టాడు. బిస్మార్ ముందుకి పడిపోయాడు. జోంగి ఊచ వదిలేసి అన్నని దాటుకుంటూ వెళ్లాడు.

అప్పుడే గుడిసెలో తెర వెలిగింది. వరుస చెక్కుచెదరలేదు. మొన్న ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే యంత్రం నంబరు చూపించింది. తియోరిదా చదివి, ఇంకోసారి చదివింది. కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. కాలిన లారీ ఇనప చక్రాల మీద నిలబడి ఉంది. మసిబారిన నంబరు పలక మీద అంకెలు ఇంకా కనబడుతున్నాయి. రెండూ ఒకటే.

ఆమె మైకు నొక్కి ఆ నంబరు పిలిచింది.

గుంపులో అలికిడి ఆగిపోయింది. పగలగొడుతున్నవాళ్లు చేతులు దించారు. వరుసలో వెనక ఎవరో హారన్ మోగించబోతే పక్కవాడు చెయ్యి పట్టుకున్నాడు. ముందున్నవాడు ఎక్కి దిగకుండా వెనకవాడికి వంతు రాదు. అది వాళ్లు నెత్తురు చిందించి తెచ్చుకున్న ఒప్పందమే. ఆమె రెండోసారి పిలిచింది.

జోంగి నడిచి వచ్చాడు. పట్టుకోబోయినవాళ్లని భుజంతో తోసేశాడు. విరిగిన చేతిని పొట్టకి ఆనించుకుని, ఒక్కో అడుగూ తూలుతూ ఏటవాలు ఎక్కి, లారీలు నిలబడే ఇనప పలక నట్టనడుమ నిలబడ్డాడు. పలక కింద ఏదో కిర్రుమంది. తెర మీద సున్నాలు కదిలి, ఇరవై అయింది, నలభై అయింది, అరవై దగ్గర ఆగింది.

పగిలిన కిటికీ ముందు నుంచి అతను ఆమె వంక చూశాడు. తెరుచుకున్న ఒక్క కంట్లో కోపం కూడా లేదు. అదే ఆమెకి భరించరానిదిగా అనిపించింది.

"ఎంత చూపిస్తోంది?"

"అరవై" అంది.

జోంగి తల ఊపాడు. అతని వెనక కాలిన లారీ, దాని వెనక వంపు తిరిగి పోయిన వరుస.

"సరిగ్గా చూశావా, ఇతో?"